ఆయిలు తాగిన చేనుకు తోడు

వనపర్తి దాకా పోయి గుప్పెడు మట్టి తెచ్చుకున్నామని మా ఊళ్లో ఇంకా నవ్వుతున్నారు. నవ్వితే నవ్వనీ, నవ్వుకు ఖర్చు లేదు. కానీ ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పుకుంటున్నారు. పోయింది మేము, చెప్పేది వాళ్లు! అందుకే మనవరాలి నోటుపుస్తకంలో రాయకుండా మిగిల్చిన కాగితాలు చూసి, అవి పారేసే లోపల నేనే రాస్తున్నాను. మూడో తరగతి చదువు నాది. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి.

చేను ఎవరిది

మాది గద్వాల నుంచి అయిజ పోయే తోవలో ఒక పల్లె. రోడ్డును ఆనుకుని అరెకరం చేను ఉంది. అది నాది కాదు, మా ఆడబిడ్డ జమ్ములమ్మది. పెండ్లినాడు మా మామ ఆమెకు పసుపు కుంకుమ కింద ఇచ్చాడు. పెనిమిటి పోయాక, పిల్లలు లేరు కాబట్టి, ఆమె పుట్టింటికే వచ్చేసింది. అప్పటి నుంచి నా ఇంట్లోనే ఉంటుంది. నా వంటకు పేర్లు పెడుతుంది, నా పొదుపును వెక్కిరిస్తుంది. అయినా ఆమె లేకపోతే నాకు పొద్దుపోదు.

మా ఆయన ఉన్నన్నాళ్లు ఆ చేను ఆయనే దున్నాడు. ఆయన పోయాక పెత్తనం నాకు వచ్చింది. రోడ్డు పక్క చేనులో వేరుశనగ వేస్తే సగం మేకలకు, పావు తోవన పోయేవాళ్లకు. అందుకని లారీలు బాగుచేసే ఒక మేస్త్రీకి కిరాయికి ఇచ్చాను. జమ్ములమ్మను అడగలేదు. నాకు తెలియనిది ఆమెకేం తెలుసు అనుకున్నాను. నాలుగేళ్ల కిరాయితో మా ఇంటికి కొత్త రేకులు పడ్డాయి.

మేస్త్రీ షెడ్డు ఎత్తేసి పోయాక చూస్తే నేల తారు పోసినట్టు నల్లగా, జిడ్డుగా ఉంది. నీళ్లు పోస్తే ఇంకవు, పైన రంగులు రంగులుగా తేలతాయి. గరిక కూడా మొలవలేదు. జమ్ములమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. రోజూ పొద్దున పోయి గట్టు మీద కూర్చుని, కాసేపు చూసి వచ్చేది.

ఒకనాడు రేడియోలో పంటల ముచ్చట్లు వస్తుంటే ఒక మేడమ్ చెప్పింది. మట్టిలో కంటికి కనబడని జీవాలు ఉంటాయట. ఆయిలు పడిన నేలను అవి తిని బాగుచేస్తాయట. ఆ మేడమ్ నాగర్‌కర్నూల్‌లో మట్టి పరీక్ష చేసే ఆఫీసులో ఉంటుందట.

"వదినా, పోదామా?" అంది జమ్ములమ్మ.

"ఇన్నేండ్ల సంది పత్తికి మందు కొట్టి పురుగును సంపుతున్నం. ఇప్పుడు పురుగును బతిలాడి ఇంటికి తెచ్చుకుందామా?" అన్నాను.

"నువ్వు బతిలాడకు. నేను బతిలాడుత. నువ్వు బస్సుల సీటు కోసం కొట్లాడు, సాలు."

ఆ మాట మీద బయలుదేరాం. వానలు పడకముందే తేలిపోవాలి. ఈ ఏడు కూడా బీడు పెడితే ఆమె మళ్లీ దాని మీద ఆశ పెట్టుకోదని నాకు తెలుసు.

పన్నెండు నిమ్మకాయలు

జమ్ములమ్మకు బస్సు పడదు. వాంతి రాకుండా వాసన చూసుకోవడానికి ఒక నిమ్మకాయ కావాలి. గద్వాల బస్టాండులో ఒకటి రూపాయి అన్నాడు. ఐదు రూపాయలకు పన్నెండు తీసుకున్నాను.

"ఒక్క వాంతికి పన్నెండు కాయలా?" అంది.

"మిగిలినవి తొక్కుకు అయితయి. నువ్వు వాంతి సంగతి సూసుకో."

ధరూరు దాటాక జూరాల కట్ట మీదికి వచ్చాం. చూడనివాళ్లకు చెబుతున్నాను, ఎండాకాలం చివర్లో కృష్ణమ్మ అక్కడ బండల మధ్య నీరసంగా పడుకుని ఉంటుంది. కానీ కట్ట పక్కన చేపలు వేయించే వాసనకు ఎండాకాలం, వానాకాలం లేదు. బస్సు ఆగింది. ప్లేటు ఇరవై రూపాయలు.

"ఇరవైకి నాలుగు ముక్కలా? మా ఊరి సంతల గీ పైసలకు చేపకు చేపే వస్తది" అన్నాను.

పెనం దగ్గర ఉన్న ఆమె తలెత్తలేదు. "అవ్వా, నువ్వు చేపకు ఇస్తలేవు పైసలు. గీ గాలికి ఇస్తున్నవ్."

"గాలి మా ఊళ్లె ఉట్టిగనే వస్తది."

"గట్లయితే గాలి తిని పో."

నా మీద నాకే నవ్వు వచ్చింది కానీ బయటికి నవ్వలేదు, ధర పెరుగుతుందని. చివరికి ఒక ప్లేటు తీసుకున్నాం. మూడు ముక్కలు జమ్ములమ్మ తింది. నేను వద్దు వద్దంటూనే తోక ముక్క తిన్నాను. కారం బాగా పట్టింది. ఆత్మకూరులో బస్సు మారేదాకా నాలుక మండుతూనే ఉంది. అంత కారం మా ఇంట్లో వేస్తే నెలకు రెండు కిలోలు ఎక్కువ పట్టాలి.

రాజులు పోయినా గోడలకు సెలవు లేదు

వనపర్తిలో మా చిన్నాయన బిడ్డ ఇల్లు ఉంది. ఆమె వచ్చి తీసుకుపోయేదాకా బస్టాండు బయట నిలబడ్డాం. అక్కడ ఒక రాజు మహలు ఉంది, అందులో పిల్లలు చదువుకుంటున్నారు. మా గద్వాలలోనూ అంతే, కోటలో కాలేజీ. పెద్ద గోడలను ఉత్తగా నిలబెట్టకుండా పనిలో పెట్టినవాళ్లెవరో, వాళ్ల పొదుపు నాకు నచ్చింది.

ఎండకు తట్టుకోలేక రోడ్డు పక్కన ఒక లారీ షెడ్డు నీడకు పోయాం. పక్క బండి మీద టీ మూడు రూపాయలు, గ్లాసు మాత్రం దగ్గుమందు మూతంత. తాగుతూ కిందికి చూస్తే అక్కడి నేల కూడా మా చేను లాగే నల్లగా ఉంది. కానీ గోడ వారగా, పాత డ్రమ్ముల వెనక, ఆ నలుపులో నుంచే గరిక పచ్చగా లేచింది.

"సూడు, ఊరోళ్ల ఆయిల్ల గడ్డి మొలుస్తది. మన ఆయిల్ల మొలవదు" అన్నాను.

"మన ఆయిల్ కాదు వదినా. నువ్వు పోయించుకున్న ఆయిల్" అంది. టీ చల్లారింది నాకు.

చిన్నాయన బిడ్డ జొన్నరొట్టెలు చేసింది. ఎంత పల్చగా అంటే అవతలి గోడ కనబడుతుంది. ఎనిమిది తిన్నాను. మా ఇంట్లో రెండు తింటే పొద్దుగూకే దాకా ఆకలి అడగదు. పిండి ఎవరికి మిగిలినట్టో మీరే చెప్పండి.

ఎండబెట్టిన మట్టి

మరునాడు గోపాలపేట మీదుగా నాగర్‌కర్నూల్ పోయాం. మేడమ్ చిన్న వయసు పిల్ల. కుర్చీలు చూపించింది, మంచినీళ్లు తెప్పించింది. నేను సంచిలో నుంచి పాలపొడి డబ్బా తీసి ఆమె ముందు పెట్టాను. చేను నుంచి మట్టి తీసుకుపోయానన్నమాట.

ఆమె మూత తీసి వేళ్లతో చూసింది. "ఇంత మెత్తగా ఎవరు చేశారు దీన్ని?"

మెచ్చుకుంటోందనుకున్నాను. "నేనే మేడమ్. మేకులు, గుడ్డపీలికలు ఏరిన. జల్లెడ పట్టిన. మూడు దినాలు రేకు మీద ఎండబెట్టిన. మీరు సదువుకున్నోళ్లు, మురికి మట్టి మీ చేతికి ఎట్ల ఇస్త?"

మాకు అది అలవాటు. ఒకరింటికి బియ్యం ఇచ్చినా, పప్పు ఇచ్చినా, రాళ్లు ఏరి, ఎండబెట్టి ఇస్తాం. అట్లా ఇవ్వని ఆడది మా వైపు ఆడది కాదు.

మేడమ్ పెదవి కొరుక్కుంది. "అవ్వా, మనకు కావాల్సిన వాళ్లందరినీ నువ్వు రేకు మీద వేయించేశావు."

జమ్ములమ్మ నవ్వింది. ఎంత నవ్విందంటే పక్క గదిలోని గుమాస్తా తొంగిచూశాడు. చేను పాడయ్యాక ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. అందుకని ఏమీ అనలేదు.

ఆ పిల్ల చెప్పింది మాకు అర్థమైనట్టు రాస్తాను. మంచి మట్టి అంతా కంటికి కనబడని జీవాలే. వాటిలో కొన్నింటికి ఆయిలే తిండి. మనం జొన్నరొట్టె తిన్నట్టు అవి ఆయిలు తింటాయి. కానీ వాటికి గాలి కావాలి, తడి కావాలి, ఆయిలులో నంజుకోవడానికి కాస్త పేడ ఎరువు కావాలి. మా చేనులో జిడ్డు పేరుకుని, లారీలు తొక్కి, నేల గట్టిపడి వాటికి ఊపిరి ఆడలేదు. వారానికి ఒకసారి దున్నాలి, తడి ఆరకుండా గడ్డి కప్పాలి, ఎరువు కలపాలి. ఏడాది పట్టవచ్చు, రెండేళ్లు పట్టవచ్చు. నేను బుట్టెడు యూరియా వేస్తానంటే, చారెడు చాలు, ఎక్కువైతే చస్తాయి అంది.

"ఆయిలు పడి, తర్వాత తనంతట తానే గడ్డి మొలిచిన చోటు ఎక్కడైనా ఉంటే, ఆ మట్టి కొంచెం తెచ్చి కలపండి. దానిలోని జీవాలకు ఆయిలు అలవాటై ఉంటుంది. పని త్వరగా మొదలు కావచ్చు. తప్పకుండా అవుతుందని మాత్రం నేను చెప్పను."

జమ్ములమ్మ ముందుకు వంగింది. "తోడు వేసినట్టా, మేడమ్? పాలు ఎన్ని దినాలు పెట్టినా ఊకెనే మంచి పెరుగు కాదు. చుక్క తోడు పడాలె."

"అచ్చం అంతే, అమ్మా. తెచ్చే తోడు పచ్చిగా ఉండాలి. తడిగుడ్డలో కట్టుకోండి." నా వైపు తిరిగింది. "ఎండబెట్టకండి."

తర్వాత అడిగింది, "ఆ మేస్త్రీ లారీలే బాగుచేసేవాడా? బ్యాటరీలు కూడానా?"

"పగలగొట్టి సీసం కాగబెట్టేటోడు. తూర్పు మూలకు" అన్నాను.

ఆ పిల్ల మొహం మారింది. సీసాన్ని ఏ జీవమూ తినదట. అది అక్కడే ఉంటుందట. ఆ మూల కంచె వేయాలి, మేకను కూడా పోనివ్వకూడదు. మిగతా చేనులో కూడా తాను మట్టి చూసి చెప్పేదాకా తినే పంట వేయవద్దు అంది.

తూర్పు మూలే ఆ చేనులో మంచి నేల. జమ్ములమ్మ నన్ను చూస్తూ మెల్లగా అడిగింది. "గా మూల అని నీకెట్ల తెల్సు వదినా? నువ్వు సూసినవా?"

నేను డబ్బా మూత పెట్టడం మొదలుపెట్టాను. అది సరిగ్గా పట్టలేదు.

పెరుగు రెండోసారి

బయట హోటల్లో భోజనం ఇరవై ఐదు. అన్నం ఎంతైనా పెడతారు, పెరుగు మాత్రం ఒక్క గరిటె. నేను రెండోసారి అడిగి పోయించుకున్నాను. మామూలుగా అయితే జమ్ములమ్మ ఒక వెక్కిరింత వేసేది. ఆ రోజు తల దించుకుని తింది. తిరుగు బస్సులో నిమ్మకాయ వాసన చూసుకుంటూ కిటికీ వైపే కూర్చుంది. ఆమె మాట్లాడకపోతే బస్సులో ఎన్ని రేకులు కొట్టుకుంటాయో అప్పుడు తెలిసింది నాకు.

వనపర్తి దగ్గర పడ్డాక ఒక్క మాట అంది. "టీ తాగిన కాడ, డ్రమ్ముల ఎనక, గరిక."

"గదే నేనూ అనుకుంటున్న" అన్నాను. నిజానికి నాకు గుర్తు రాలేదు.

మట్టి అడగని దొంగ

ఆ రాత్రి చిన్నాయన బిడ్డ ఇంట్లో ఉండి, మరునాడు శుక్రవారం మధ్యాహ్నం అక్కడికి పోయాం. షెడ్డులో పని ఆగి ఉంది. యజమాని, పనివాళ్లు నమాజుకు పోయి ఉంటారు. నేను డ్రమ్ముల వెనకకు పోయి, తడిపిన పసుపు రంగు జాకెట్ గుడ్డ పరిచి, సంచిలోని చెంచాతో మట్టి తవ్వసాగాను. మట్టికి అడిగేదేముంది? రోడ్డు పక్కది, ఆయిలు పడ్డది, ఎవరికి కావాలి?

"ఎవరది? నా ఇంటి మట్టి ఎందుకు తీస్తున్నవ్?"

షెడ్డు వెనకే ఉన్న ఇంటి గుమ్మంలో నా వయసు ముసలామె నిలబడి ఉంది. షెడ్డు యజమాని తల్లి, చాంద్‌బీ. పేరు తర్వాత తెలిసింది. గొంతు మాత్రం అప్పుడే తెలిసింది, బస్టాండు దాకా వినబడేటంత. నేను గబుక్కున లేవబోయాను. సంచి పడిపోయింది. నిమ్మకాయలు దొర్లుకుంటూ పోయి ఆమె కాళ్ల ముందు ఆగాయి. పదకొండు.

ఆమె కాయలు చూసింది. పసుపు గుడ్డ చూసింది. దాని మీది మట్టి చూసింది.

"యా అల్లా! బాణామతి! శుక్కురారం పూట నా ఇంటి మీదికి బాణామతి తెచ్చిన్రు!"

పక్క పంక్చర్ దుకాణం వాళ్లు ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. ఇంటి ముందరి మట్టి, నిమ్మకాయలు, పసుపు గుడ్డ, ఊరు తెలియని ఇద్దరు ముసలాళ్లు. వాళ్ల చోట నేనుంటే నేనూ అదే అనుకునేదాన్ని. మా వైపు ఇట్లాంటి చేతబడి అనుమానంతో మనుషులను చెట్టుకు కట్టిన సంగతులు విని ఉన్నాను.

"బాణామతి గాదు బూబమ్మా! నిమ్మకాయలు వాంతికి! మట్టి మా చేనుకు!" అన్నాను. రేడియో సంగతి, మేడమ్ సంగతి, ఆయిలు తినే జీవాల సంగతి అంతా చెప్పాను.

చాంద్‌బీ నడుము మీద చేయి పెట్టింది. "ఆయిల్ తినే పురుగులంట! ముప్పై ఏండ్ల సంది నా మొగుడివి, నా కొడుకువి ఆయిల్ బట్టలు ఉతుకుతున్న. ఒక్క పురుగన్న వచ్చి తిన్నదా?"

పంక్చర్ అతను నవ్వాడు. నేను కూడా నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"చేను ఎవరిది?"

"మాది."

"అబద్ధం. నువ్వు మాది అంటుంటే ఈమె నేల సూస్తుంది" అంటూ జమ్ములమ్మను చూపించింది. "నిజం చెప్తవా, నా కొడుకును పిలవాల్నా?"

కొడుకు వస్తే పోలీసులు వస్తారు, అది భయమే. కానీ అంతకన్నా, నాగర్‌కర్నూల్ నుంచి నా పక్కన మాట్లాడకుండా కూర్చున్న మనిషి బరువు ఎక్కువగా ఉంది. అక్కడే, ఆ డ్రమ్ముల మధ్య, పరాయివాళ్ల ముందు చెప్పేశాను.

"చేను నాది గాదు. ఈమెది. ఈమెను అడగకుండ కిరాయికి ఇచ్చిన. తూర్పు మూలకు సీసం కాగబెడుతుంటే కండ్లార సూసిన. వద్దంటే కిరాయి పోతదని ఊకున్న. తప్పు నాది."

జమ్ములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చాంద్‌బీ వచ్చి ఒక్కొక్క నిమ్మకాయ ఏరి ఒళ్లో వేసుకుంది. అన్నీ ఏరాక అంది, "అడగకుండ ఇచ్చినవ్. అడగకుండ తీస్తున్నవ్. నీకు అడిగే అలవాటే లేదా, అక్కా?"

నేను చెంచాను కొంగుకు తుడిచి సంచిలో వేశాను.

"అడుగు మరి."

"జర మట్టి ఇస్తవా, బూబమ్మా?"

"ఇస్త." పంక్చర్ అతని దగ్గర గడ్డపార అడిగి తీసుకుంది. గరిక వేర్లతో సహా ఇంత గడ్డ పెకలించింది. గుడ్డ నా చేతిలో ఉన్నా నాకు ఇవ్వలేదు. జమ్ములమ్మ రెండు చేతులూ పట్టించి అందులో పెట్టింది. "నీ చేను, నీ తోడు. గీమెకు ఇయ్యకు. మల్ల ఎండబెడ్తది." రేకు సంగతి కూడా నేనే చెప్పి ఉన్నాను కదా, చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు.

పోయేముందు నిమ్మకాయలకు చేయి చాపాను.

"గివి ఈడనే ఉంటయి" అంది చాంద్‌బీ. "శర్బత్‌కు అయితయి. నీకు తాగాలని ఉంటే అడుగు."

అడిగాను. రెండు గ్లాసులు ఇచ్చింది, చక్కెర బాగానే వేసింది. మా కాయలే అయినా, బాగుంది.

మూడు దినాలు

ఇంటికి వచ్చాక తూర్పు మూల తుమ్మకంపతో కంచె వేయించాం. అటు చూస్తే నాకు ఇప్పటికీ అన్నం సయించదు. మిగతా చేను దున్నించి, పేడ ఎరువు, వేరుశనగ చెక్క కలిపాం. చాంద్‌బీ ఇచ్చిన గడ్డను జమ్ములమ్మ తన చేత్తో చిదిమి, మంచం అంత జాగాలో కలిపి, తడి గడ్డి కప్పింది. వారం వారం తిరగేసింది. నన్ను ముట్టనివ్వలేదు.

మొదటి వానకు అక్కడ నీళ్లు ఇంకాయి. మంచం అంత జాగాలోనే. పిడికెడు తీసి వాసన చూస్తే ఆయిలు వాసన ఉంది, దాని కింద మట్టి వాసన కూడా ఉంది. మిగతాది ఇంకా నల్లగానే ఉంది. తోడు పడిందో, దున్నినందుకో, నేను చెప్పలేను. మేడమ్ కూడా చెప్పలేదు. మట్టి మళ్లీ పంపమంది, పచ్చిగా.

ఆ రోజే గట్టు మీద జమ్ములమ్మ పక్కన కూర్చుని అడిగాను. "ఈ ఏడు ఏమేద్దాం?"

చుట్టూ చూసింది. "ఎవరిని అడుగుతున్నవ్?"

"నిన్నే."

"నన్నా? జర ఆగు వదినా. గింత పెద్ద మాట అడిగినంక సోంచాయించుకోవాలె గదా."

మూడు దినాలు సోంచాయించింది. నేను వడ్డించే ప్రతి ముద్దకూ సోంచాయించింది. నాలుగో దినం పొద్దున, "ఆముదం" అంది.

తినే పంట కాదు కాబట్టి మేడమ్ మాట దాటినట్టు కాదు, కానీ ఆముదం నాకు మొదటి నుంచీ పడదు. కాయ కోత బాధ, ధర నిలకడ లేదు, ఆకు మేకకు కూడా పనికిరాదు. నోరు తెరిచాను. మూసుకున్నాను. గింజలు కొంగులో పోసుకుని ఆమె వెనక నడిచాను. ఆమె పట్టిన సాలు వంకర పోయింది. ఆ వంకరలోనే ఒక్కొక్క గింజా వేసుకుంటూ పోయాను.